ఎదుటివారికి అందేలా మాట్లాడటం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వినేవారిని బట్టి మాటలు ఎలా మార్చుకోవాలన్న దాని మీద ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే తరహా ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. వచ్చేవాళ్లతో కష్టమైన మాటలేవీ వాడను. "రేపు ఖాళీ కడుపుతో రండి" అనే చెబుతాను. అందరూ సరేనంటారు. మర్నాడు చూస్తే చాలామంది తప్పుగా వస్తారు. లోపం ఎక్కడుంది?

తెలియని మాట కంటే తెలిసిన మాటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కొత్త మాట వినబడితే మనిషి ఆగి "అంటే?" అని అడుగుతాడు. తెలిసిన మాటయితే తనకు తోచిన అర్థంతో సరిపెట్టుకుని వెళ్లిపోతాడు. "ఖాళీ కడుపు" అంటే ఒకరి లెక్కలో పొద్దున లేచాక ఏమీ తినకపోవడం. అర్ధరాత్రి దాటాక తిన్నది వాళ్లకు లెక్కలోకి రాదు. ఇంకొకరు మంచినీళ్లు కూడా మానేసి నీరసంగా వస్తారు. మరొకరు రోజూ వేసుకునే మాత్ర మానేస్తారు. ముగ్గురూ మీరు చెప్పినట్టే చేశామనుకుంటారు.

అందుకే సులువైన మాట దొరికింది కదా అని ఆగకండి. ఆ మాట విన్న మనిషి ఇంటికెళ్లి ఏమేం చేస్తాడో ఊహించి, ఆ పనులనే చెప్పండి. పరగడుపున చేసే షుగర్ పరీక్షకు కనీసం 8 గంటలు ఏమీ తినకుండా ఉండాలి కాబట్టి ఇలా చెప్పవచ్చు: "రేపు ఏడింటికి రక్తం తీస్తాం. ఈ రాత్రి పదింటిలోపు భోజనం ముగించండి. ఆ తర్వాత మంచినీళ్లు తాగొచ్చు, ఇంకేమీ తీసుకోవద్దు. పొద్దున మాత్రలు వేసుకునే అలవాటుంటే, వేసుకోవాలో మానాలో మీ డాక్టరును ఈరోజే అడగండి." మాటలు పెరిగాయి. కానీ రెండోసారి రక్తం తీసే అవసరం తప్పుతుంది.

రిపోర్టు ఇచ్చేటప్పుడు "నెగెటివ్" అనే మాట దగ్గర మరీ జాగ్రత్త. మామూలు మాటల్లో నెగెటివ్ అంటే చెడ్డది. మీ ల్యాబులో చాలా పరీక్షలకు అదే శుభవార్త. "నెగెటివ్ వచ్చింది, అంటే ఆ జబ్బు ఉన్నట్టు ఈ పరీక్షలో కనబడలేదు" అని ఒకే ఊపిరిలో చెప్పాలి. మధ్యలో ఆగితే ఆ కాస్తసేపు వాళ్ల గుండె జారిపోతుంది.

ఇక వాళ్లు "సరే" అనడం సంగతి. అవును–కాదు ప్రశ్నలకు మనుషులు ఎంత త్వరగా జవాబిస్తారో 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనం పది భాషల్లో కొలిచింది. ప్రశ్న ముగిశాక సగటున సెకనులో అయిదో వంతులోనే జవాబు మొదలవుతోంది. అంత వ్యవధిలో మీరు చెప్పిన విషయాలన్నిటినీ ఎవరూ నెమరువేసుకోలేరు. కాబట్టి "అర్థమైందా?" అన్నదానికి వచ్చే "ఆఁ" మర్యాద కోసం వచ్చినది. దానికి బదులు ఇలా అడగండి: "నేను అన్నీ చెప్పానో లేదో చూసుకోవాలి. రాత్రి నుంచి పొద్దున దాకా ఏం చేస్తారో ఒకసారి చెప్పండి." పరీక్ష వాళ్లకు పెట్టినట్టు కాకుండా, మీ మాటకు మీరే పెట్టుకున్నట్టు వినబడాలి. ఆసుపత్రుల్లో రోగులకు సూచనలిచ్చేటప్పుడు ఎన్నో దేశాల్లో నేర్పే పద్ధతి ఇదే.

వాళ్లు తిరిగి చెప్పినదాంట్లో తప్పుంటే మీ పాత వాక్యాన్నే గట్టిగా అనకండి. మాట మార్చి చెప్పండి. రెండోసారీ కుదరకపోతే కాగితం మీద గడియారం బొమ్మ వేసి గంటలు చూపించండి. ఒక విడతలో మూడు విషయాలకు మించవద్దు. కొత్త సంగతులను మనసులో ఒకేసారి నాలుగింటికి మించి పట్టి ఉంచడం కష్టమని మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ 2001లో వాదించారు. రోగి మనసులో ఎలాగూ ఒక చోటు భయం ఆక్రమించుకుని ఉంటుంది.

ఎదుటివాళ్లకు ఎంత తెలుసో ముందే ఎలా తెలుస్తుంది? "మీకు ఇది తెలుసా?" అని అడిగితే కొందరు చిన్నబుచ్చుకుంటున్నారు. అడగకుండా చెబితే "మాకు తెలియదనుకున్నారా" అంటున్నారు.

"తెలుసా?" అన్న ప్రశ్నకు తెలియదని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. "దీని గురించి మీరు ఇప్పటిదాకా ఏం విన్నారు?" అని అడగండి. తెలిసినవారు తెలిసినంత చెబుతారు, తెలియనివారు "పెద్దగా ఏమీ వినలేదు" అనగలుగుతారు. ఎవరికీ తల వంచుకోవలసిన పని ఉండదు. ఆ జవాబులో వాళ్లు ఏ మాట వాడారో పట్టుకోండి. బ్యాంకులో మీరు "ముందస్తు చెల్లింపు" అంటుంటే ఎదుటివారు "లోను ముందే కట్టేయడం" అన్నారనుకోండి, ఇక ఆ సంభాషణ ముగిసేదాకా మీరూ అదే మాట వాడండి. కాగితం మీద వేరే మాట ఉంటే, సంతకం చేయించే ముందు ఒక్కసారి చూపించి, రెండూ ఒకటేనని చెబితే చాలు.

ఇలా ఇద్దరూ ఒకే పేరు మీద కుదురుకోవడాన్ని హెర్బర్ట్ క్లార్క్, డియానా విల్క్స్-గిబ్స్ 1986లో ఒక ప్రయోగంలో గమనించారు. ఒకరు చెబుతుంటే మరొకరు 12 వింత ఆకారాలను వరుసలో పేర్చాలి. ఇలా ఆరు విడతలు. మొదటి విడతలో ఒక్కో ఆకారానికి పొడుగాటి వర్ణన కావలసి వచ్చింది. ఆఖరి విడతకు కొద్ది మాటలతోనే పని జరిగిపోయింది. ఆ పొట్టి పేర్లు ఆ ఇద్దరివే. మూడో మనిషికి వాటితో పనిలేదు. ఆఫీసులో, ఇంట్లో మనం వాడే పొట్టి మాటలూ అంతే. కొత్త మనిషి రాగానే మళ్లీ పొడుగాటి వర్ణన నుంచి మొదలుపెట్టాలి. చాలామంది తడబడేది ఇక్కడే.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను చెప్పేది ఎవరికీ అర్థం కాదని ఇంట్లోవాళ్లు, వేరే విభాగాల వాళ్లు అంటారు. నాకు మాత్రం చాలా తేలిగ్గా చెప్పినట్టే ఉంటుంది.

మీకు అలా అనిపించడం సహజం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ 1990లో చేసిన ప్రయోగం ఈ విషయంలో చూడదగినది. కొందరు అందరికీ తెలిసిన పాటల దరువును బల్ల మీద వేళ్లతో వేశారు. విన్నవాళ్లు అది ఏ పాటో చెప్పాలి. సగం పాటలు గుర్తుపడతారని వేసినవాళ్ల అంచనా. 120 పాటల్లో విన్నవాళ్లు గుర్తుపట్టినవి 3. వేసేవారికి లోపల రాగం వినిపిస్తూనే ఉంటుంది, వినేవారికి టకటకలే అందుతాయి. తెలిసిన సంగతిని తెలియనట్టు ఊహించుకోవడం మనసుకు చేతకాదు. కాబట్టి మీ అంచనా మీద ఆధారపడకుండా, బయటి కొలత ఒకటి పెట్టుకోండి.

ఒక పని చేయండి. మీరు రోజూ చెప్పే విషయాన్ని ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేసుకోండి. మీ రంగం బయట వినబడని మాటలన్నీ రాయండి. "సర్వర్", "డిప్లాయ్", "బగ్", "బ్యాకెండ్" లాంటివి బయటపడతాయి. వాటిని మూడు గుంపులు చేయండి. లేకపోయినా నష్టం లేనివి మొదటి గుంపు. వాటిని తీసేయండి, ఎక్కువ మాటలు ఇక్కడికే వస్తాయి. మామూలు మాటతో సరిపోయేవి రెండోది. "డిప్లాయ్ చేశాం" బదులు "కొత్త మార్పు ఇప్పుడు అందరి ఫోన్లలోనూ పనిచేస్తోంది" అనండి. మూడో గుంపు, వినేవాళ్లు రేపు మళ్లీ ఎదుర్కోబోయే మాటలు. వాటిని తీసేయవద్దు. మాట చెప్పి, వెంటనే అర్థం చెప్పి, తర్వాత వాక్యంలో మళ్లీ అదే మాట వాడండి. అర్థం ఒకసారి చెప్పి, పది నిమిషాల తర్వాత ఆ మాట వాడితే అప్పటికి గుర్తుండదు.

ఒకే వస్తువుకు మూడు పేర్లు వాడటం మరో పొరపాటు. రాతలో ఒకే మాట పదే పదే వస్తే బాగుండదని బడిలో నేర్చుకున్నాం. వివరించేటప్పుడు ఆ అలవాటు వదలాలి. ఒకసారి "ఫైల్", ఒకసారి "డాక్యుమెంట్", ఒకసారి "కాపీ" అంటే వినేవారు మూడు వస్తువులను వెతుక్కుంటారు.

సులువుగా చెప్పాలంటే అచ్చ తెలుగు వాడాలా, ఇంగ్లిషు మాటలు వాడాలా?

ఎదుటివారు రోజూ నోట పలికే మాట ఏదైతే అది వాడండి. చాలామందికి "రక్తపోటు" కంటే "బీపీ" దగ్గర. ఉష్ణమాపకం అంటే ఆలోచిస్తారు, థర్మామీటర్ అంటే తెచ్చిస్తారు. వీటి విషయంలో పట్టుదల అనవసరం.

తంటా తెచ్చేవి "ప్రాసెస్", "ఇష్యూ", "అప్‌డేట్" లాంటివి. అందరికీ తెలిసినట్టే ఉంటాయి, ఏదీ చెప్పవు. "ప్రాసెస్‌లో ఉంది" అన్నా "పరిశీలనలో ఉంది" అన్నా వినేవారికి చేతికి దక్కేది ఒకటే. "ఇంకా ఒక సంతకం కావాలి, బుధవారం మధ్యాహ్నం ఫోన్ చేయండి" అంటే పని తెలుస్తుంది. "సమర్పించవలసి ఉంటుంది" బదులు "తెచ్చి ఇవ్వండి" అనండి. తేలిక మాట గౌరవం తగ్గిస్తుందన్న భయమో, బరువైన మాట పెంచుతుందన్న ఆశో దీని వెనక ఉంటుంది. అవసరం లేకుండా పెద్ద మాటలు వాడిన రాతను చదివినవారు ఆ రచయిత తెలివిని తక్కువగానే అంచనా వేశారని డేనియల్ ఒపెన్‌హైమర్ 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది.

మా నాన్నగారికి 78 ఏళ్లు. ఆయనకు అర్థం కావాలని నెమ్మదిగా, గట్టిగా, చిన్న చిన్న మాటలతో చెబుతాను. ఆయనకు కోపం వస్తోంది.

ముందు వినికిడినీ అర్థాన్నీ వేరుచేయండి. వయసుతో సాధారణంగా ముందు తగ్గేది సన్నని, హెచ్చు శ్రుతి ధ్వనులను వినే శక్తి. స, ష, త, క లాంటి హల్లులు మసకబారతాయి, అచ్చులు బాగానే వినబడతాయి. మీరు అరిస్తే అచ్చులే ఇంకా పెద్దవవుతాయి. శబ్దం పెరుగుతుంది కానీ మాట తేలదు. పైగా అరుపు కోపంలా వినబడుతుంది. టీవీ ఆపి, వెలుతురు మీ ముఖం మీద పడేలా ఎదురుగా కూర్చుని, మామూలు గొంతు కంటే కాస్త పైన మాట్లాడండి. వినబడలేదంటే ఒకసారి అదే వాక్యం చెప్పండి. రెండోసారి మాటలు మార్చండి, ఎందుకంటే ఆ మాటలోని ధ్వనే ఆయనకు అందకపోయి ఉండవచ్చు. వినికిడి పరీక్ష చేయించకపోతే చేయించండి.

చిన్నపిల్లలతో మాట్లాడినట్టు సాగదీసి, గొంతు పెంచి మాట్లాడటం పెద్దలకు ఉపయోగపడదని సూజన్ కెంపర్ పరిశోధనలు చూపించాయి. ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న వాక్యాలను విడదీయడం, అర్థాన్ని మరికాస్త విప్పి చెప్పడం మాత్రం ఉపయోగపడ్డాయి. తెలుగులో ఈ విడదీయడం మరీ అవసరం. క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి అప్పటిదాకా అన్నీ మనసులో మోయాలి. "నిన్న వచ్చినాయన చెప్పిన ఆఫీసులో ఇచ్చిన కాగితం తీసుకుని వెళ్లి చూపిస్తే పని అయిపోతుందట" అనేది కుర్రవాళ్లకూ బరువే. దాన్ని ఇలా విడదీయండి: "నిన్న ఒకాయన వచ్చాడు కదా నాన్నగారూ. ఆయన ఒక ఆఫీసు పేరు చెప్పాడు. అక్కడ ఒక కాగితం ఇచ్చారు. అది చూపిస్తే పని అయిపోతుంది." ప్రతి వాక్యం తర్వాత ఒక్క క్షణం ఆగండి. ఆయన మాటల సంపదకు ఏ లోటూ రాలేదు. పదజాలం వయసుతో బాగానే నిలుస్తుంది, కాబట్టి మాటలను పసివి చేయవద్దు. "మందు వేసుకుందామా" అనకండి. "మందు వేసుకున్నారా" అనండి.

ఆరేళ్ల పాపతో మాట్లాడేటప్పుడు తనకు తెలిసిన మాటలే వాడాలా?

అక్కర్లేదు. అలా చేస్తే కొత్త మాటలు ఎక్కడి నుంచి వస్తాయి? వాక్యం చిన్నది చేయండి, మాటను అలాగే ఉంచండి. "నీళ్లు ఆవిరైపోయాయి. అంటే కనబడకుండా గాలిలో కలిసిపోయాయి." ఒకసారికి ఒక కొత్త మాట చాలు. ఆరేసిన బట్టలు చూపించి సాయంత్రం అదే మాట మళ్లీ వాడండి. పిల్లలకు ఈ సర్దుబాటు బాగా తెలుసు. నాలుగేళ్ల పిల్లలు పెద్దలతో కంటే రెండేళ్ల పిల్లలతో చిన్న వాక్యాల్లో మాట్లాడతారని షాట్జ్, గెల్మన్ అనే పరిశోధకులు 1973లోనే చూపించారు.

కొత్త ప్రాంతానికి మారాను. అక్కడివారి యాసలో మాట్లాడాలా? అది నటన అవుతుందేమో.

మనుషులు ఇష్టపడినవారి వైపు తమ మాటను తెలియకుండానే జరుపుకుంటారు. హొవార్డ్ జైల్స్ అనే పరిశోధకుడు 1970ల నుంచి దీన్ని వివరిస్తూ వచ్చారు. అది దానంతట అది రానివ్వండి. వస్తువుల పేర్లు, వేళల పేర్లు వెంటనే నేర్చుకుని వాడండి, లేకపోతే పనులు సాగవు. రాగం, సాగదీత మాత్రం అనుకరించకండి. కొలత తప్పిన అనుకరణ వెక్కిరింతలా తగులుతుంది, అన్నవారి ఉద్దేశం ఎంత మంచిదైనా.

ఒకే గదిలో తెలిసినవారూ తెలియనివారూ ఉంటే?

మీరు చెప్పినది విని రేపు పని చేయవలసినవారు ఎవరో చూసుకోండి. మాటలు వాళ్ల కోసం ఎంచుకోండి. కొత్త మాట వచ్చినప్పుడు సగం వాక్యంలో అర్థం జోడిస్తే తెలిసినవారికి పోయేది అయిదు సెకన్లు. "తెలియనివారి కోసం చెబుతున్నా" అని ముందుమాట పెట్టకండి. ఆ మాటతో ప్రశ్న అడగవలసినవారి నోరు మూతపడుతుంది.

ఫోన్‌లో చెప్పేటప్పుడు ప్రత్యేకంగా ఏమైనా?

ముఖం కనబడదు కాబట్టి తరచుగా ఆగాలి. రెండు విషయాలకు ఒకసారి తిరిగి చెప్పించుకోండి. అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త. ఇరవై, అరవై ఫోన్‌లో ఒకేలా వినబడతాయి. "ఇరవై, రెండు సున్నా" అని విడమరచి చెప్పండి. తారీకు చెబితే వారం కూడా చేర్చండి. ఒకటి తప్పుగా వినబడినా, రెండోది సరిపోలక అవతలివారే ఆగి అడుగుతారు.