క్లబ్‌కు డబ్బుంటే చాలదా? లైసెన్స్ ఎందుకు?

ప్రశ్న: మిర్యాలగూడ రైస్ మిల్లుల వాళ్లు నలుగురు కలిసి పెట్టుబడి పెడితే మన నల్గొండ ఫుట్‌బాల్ టీమ్ పెద్ద లీగ్‌లో ఆడలేదా?

డబ్బొక్కటే సరిపోదు. పై స్థాయి ప్రొఫెషనల్ క్లబ్‌కు ఏటా లైసెన్స్ కావాలి. ఆసియాలో నియమాలు ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఏఎఫ్‌సీవి, మన దేశంలో చూసేది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్ఎఫ్. ఆట, వసతులు, సిబ్బంది, చట్టపరమైన పత్రాలు, ఆర్థికం అని ఐదు కోణాల్లో తనిఖీ ఉంటుంది. ఎక్కువ టెన్షన్ చివరిదానితోనే.

స్వతంత్ర ఆడిటర్ చూసిన లెక్కలు ఇవ్వాలి. ఆటగాళ్లకు, సిబ్బందికి, వేరే క్లబ్‌లకు, పన్ను శాఖకు గడువు దాటిన బాకీ ఉండకూడదు. అప్పు ఉండటం తప్పు కాదండి, మిల్లుకు మాత్రం బ్యాంకు అప్పు ఉండదా! గడువు దాటినా కట్టకపోతేనే చిక్కు. అవతలివాళ్లు గడువు పెంచుతూ రాసిస్తే అది గడువు దాటిన బాకీ కిందికి రాదు, కానీ నోటిమాట చెల్లదు. మన దగ్గర చాలా టీమ్‌లు తడబడేది ఇక్కడే అనుకుంటా.

2021-22లో మన దేశపు పెద్ద లీగ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీనే చూడండి. ఆ తర్వాత ఆటగాళ్ల బకాయిల వల్ల కొత్తవాళ్లను తీసుకోకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నిషేధం పెట్టింది.

యూరప్‌లో ఇంకా గట్టి. అక్కడి పోటీల్లో ఆడే క్లబ్‌లు జీతాలు, ఆటగాళ్ల బదిలీలు, ఏజెంట్ల ఖర్చు కలిపి ఆదాయంలో 70 శాతం దాటకూడదన్నది యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యుయెఫా నియమం. 2023లో 90తో మొదలుపెట్టి మెల్లగా తగ్గించారు.

కాబట్టి మిల్లుల వాళ్లు ముందు ఒక మంచి అకౌంటెంట్‌ను పెట్టుకోవాలి, గోల్స్ కొట్టే స్ట్రైకర్‌ను తర్వాత వెతకొచ్చు.