భార్య పాపను చూడనివ్వకపోతే తండ్రికి దారేది?

మీరు చిత్తూరులో, నాలుగేళ్ల పాప ఏడాదిగా తల్లితో తిరుపతిలో, అమ్మమ్మగారింట్లో అన్నారు కదా. హిందువులైతే, ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం చెబుతుంది. అది పెంపకం సంగతి; చూసే హక్కు దాంతో పోదు.

పిల్లల సంరక్షణ కేసులకు వాడే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేయండి. పాప నివాసం ఎక్కడో అక్కడి కోర్టులోనే, అంటే తిరుపతిలో. తుది తీర్పు దాకా ఆగక్కర్లేదు, సెక్షన్ 12 కింద మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు. ఊరికే 'చూపించండి' అనకుండా ఏ రోజు, ఎన్ని గంటలు, ఎక్కడ అన్నది రాయండి. వీడియో కాల్ కూడా అడగండి. విడిగా ఉన్న తల్లిదండ్రులకు ఆ అవకాశం ఉండాలని 2020లో సుప్రీంకోర్టే చెప్పింది.

చూపించలేదన్న కోపంతో పాప ఖర్చులకు డబ్బు మాత్రం ఆపొద్దు. బడి దగ్గర కాపుకాసి ఎత్తుకురావడం అసలే వద్దు, కేసు మీకే ఎదురు తిరుగుతుంది.