లమలేరా వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి చిట్టికి,
మామయ్య ఆశీస్సులు.

ఇండోనేషియాలో తిమింగలాలు వేటాడే ఊరు లమలేరాకి నువ్వు వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. కబురు చెప్పడానికి కాదులే, తిట్టడానికి. చిన్నప్పుడు నీకు తిమింగలాల కథలు చెప్పి పాడుచేసింది నేనేనట. నింద ఎలాగూ పడింది కాబట్టి నాలుగు మాటలు నేనే చెప్తాను.

నీ ప్లాను చూశాను. కుపాంగ్‌లో దిగడం, అక్కణ్ణించి లెంబాటా ద్వీపంలో లెవొలెబా, లమలేరాలో మూడు రోజులు, వెనక్కి. ఆ మూడుని పది చెయ్యి. మిగతాదంతా నీ ఇష్టం, ఈ ఒక్కటి మాత్రం విను.

1996లో నేనూ మూడు రోజులకే వెళ్ళాను. మా ఓడ సురబాయాలో మరమ్మతుకి ఆగింది, పది రోజులు సెలవు దొరికింది. రానూపోనూ వారం పడవల మీదే పోయింది. ఊళ్ళో ఉన్న మూడు రోజులూ పొద్దున్నే పడవలు వెళ్ళడం, మధ్యాహ్నానికి ఉత్తి చేతులతో తిరిగిరావడం. మూడో రోజు ఒడ్డున కూర్చున్న ఒక పెద్దాయన్ని "ఈవేళ కూడా ఏమీ పడలేదా?" అని అడిగాను. ఆయన పలకలేదు. పక్కవాళ్ళు కూడా మాటలు ఆపేశారు. మన భీమిలి ఒడ్డున ఖాళీ వల లాక్కొస్తున్నవాణ్ణి ఆ మాట అడిగితే ఏం జరుగుతుందో తెలిసినవాణ్ణే, అయినా నోరు జారాను. మర్నాడు తెల్లారి ట్రక్కు ఎక్కి కొండ దాటుతుంటే కింద నుంచి కేక: "బలేయో! బలేయో!" తిమింగలం కనబడిందన్న కేక అది. ముందు ఒక గొంతు, వెంటనే ఊరంతా. ట్రక్కులో ఉన్న నలుగురు కుర్రాళ్ళు మూటలు అక్కడే పడేసి దూకి పరుగెత్తారు. నేను కదల్లేదు. సురబాయాలో ఓడ నాకోసం ఆగదు కదా.

మళ్ళీ 2015లో మీ అత్తయ్యని తీసుకుని వెళ్ళి పదకొండు రోజులు ఉన్నాను. తొమ్మిదో రోజున తిమింగలం పడింది. ఏడాది మొత్తం మీద వాళ్ళకి దొరికేవే ఇరవై, అటూ ఇటూ. మూడు రోజుల్లో నీకోసం ఒకటి వచ్చి వాలుతుందని ఎలా అనుకున్నావో మరి.

నువ్వు జూలైలో వెళ్తున్నావు కాబట్టి వేట కాలమే. దాన్ని 'లెఫా' అంటారు, మే నుంచి అక్టోబరు దాకా. మే 1న ఒడ్డున ప్రార్థన చేసి మొదలుపెడతారు. అందరూ కేథలిక్కులే. అంతకుముందు రోజు సాయంత్రం, సముద్రంలో పోయినవాళ్ళ పేరున కొవ్వొత్తులు వెలిగించి నీళ్ళ మీద వదులుతారు. అది నువ్వు చూడలేవు, ఇంకో ఏడాది చూద్దువుగాని. పడవల్ని మాత్రం తనివితీరా చూడు. చెక్కకి చెక్క చీలలు కొట్టి బిగిస్తారు, ఇనుప మేకు ఒక్కటి ఉండదు. ముప్పై ఏళ్ళు ఓడల్లో ఇంజన్ల మధ్య గడిపిన నేను ఒక పూటంతా ఆ అతుకులే చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు మోటారు పడవలు కూడా వచ్చాయి, పాత పడవల్ని లాక్కెళ్ళడానికి వాటినే వాడతారు. ముందు భాగాన వెదురు బల్ల మీద నిలబడేవాడు 'లమాఫా'. బల్లెం విసరడు. బల్లెంతో పాటు తనే ఎగిరి తిమింగలం మీద పడతాడు. వాళ్ళు ముఖ్యంగా పట్టేది కోతెక్లెమా అనే పళ్ళున్న తిమింగలాన్ని. నీలి తిమింగలం వాళ్ళ పూర్వీకుల్ని కాపాడిందని కథ, దాని జోలికి పోరు.

వేట సరిగ్గా సాగకపోతే ఊళ్ళో ఎవరి మధ్యో తగాదా ఉందని వాళ్ళ నమ్మకం. కాబట్టి బస ఇచ్చిన ఇంట్లో డబ్బు మాట మొదటి రోజే తేల్చెయ్యి. బేరాలాడి, చివరి రోజున చిన్నబుచ్చుకుని రాకు. నగదు లెవొలెబాలోనే తీసుకో, ఆ తర్వాత బ్యాంకు ఉంటుందన్న ఆశ పెట్టుకోకు. చేతిలో వక్క, తమలపాకు తీగకి కాసే కాయ, కాస్త సున్నం పెట్టుకుని వెళ్ళు. ఆ ప్రాంతంలో ఇంటికి వచ్చినవాళ్ళకీ వెళ్ళినవాళ్ళకీ మర్యాద అదే. మన తాంబూలమే అనుకో, ఆకు బదులు కాయ.

ఫొటోల గురించి కొంచెం కఠినంగానే చెప్తాను. ఇండోనేషియా చట్టంలో తిమింగలాలు రక్షిత జీవులే. లమలేరా వాళ్ళు తమ తిండికోసం, తరాలుగా వస్తున్న పద్ధతిలో పట్టుకుంటున్నారు కాబట్టి సాగుతోంది. 2014 నుంచి మాంటా టేకు చేపని పట్టడం మాత్రం దేశమంతటా నిషేధం. ఒడ్డున ఎవరు ఏం కోస్తున్నారో మొహాలతో సహా తీసి నువ్వు ఆన్‌లైన్‌లో పెడితే, నీకు లైకులు వస్తాయి, వాళ్ళింటికి ఎవరొస్తారో నీకు తెలియదు. అడగకుండా కెమెరా ఎత్తకు. రక్తం చూడలేకపోతే సిగ్గుపడనక్కర్లేదు. ఆ తొమ్మిదో రోజున నీళ్ళు ఎర్రబడగానే నేను చర్చి వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. ఆ వేట తప్పో ఒప్పో ఇప్పటికీ నాకు తేలలేదు. మీ అత్తయ్య మాత్రం అక్కడే నిలబడి ఏ భాగం ఎవరికి వెళ్తోందో చూసింది. బల్లెం వేసినవాడికి, పడవ కట్టినవాడికి, ఇనుము సాగదీసినవాడికి, ఏ వంశానికి ఏ ముక్కో అన్నీ ముందే ఖాయం. విధవరాళ్ళ ఇళ్ళకి కూడా వెళ్ళిందని రాత్రి చెప్పింది.

అసలు నిన్ను పది రోజులు ఉండమనేది శనివారం కోసం. పక్కనే వులాండోని అనే ఊళ్ళో ఆ రోజు సంత. ఒడ్డున ఉన్నవాళ్ళకి సాగుభూమి లేదు, కొండ మీదివాళ్ళకి చేప లేదు. లమలేరా ఆడవాళ్ళు ఎండబెట్టిన మాంసం, చేప, ఉప్పు నెత్తిన పెట్టుకుని వస్తారు. కొండ నుంచి మొక్కజొన్న, అరటి, కర్రపెండలం దిగుతాయి. అందరూ సరుకు పరిచి కూర్చుంటారు, ఎవరూ ముట్టుకోరు. ఒకాయన ఈల ఊదాలి. ఈల పడగానే లేచి మార్పిడి మొదలు. అక్కడ నోటు కన్నా చేప ముక్కకే విలువ. మా అమ్మమ్మ ఎండుచేపలు తెచ్చినామెకి చేటతో ధాన్యం కొలిచి పోయడం గుర్తొచ్చి, కాసేపు నాకు మాట రాలేదు. వేట చూడకపోయినా ఫర్వాలేదు గానీ ఇది తప్పిపోకు. వీలైతే ఆ ఆడవాళ్ళతో పాటే నడిచి వెళ్ళు.

తిండికి భయపడకు. 'జగుంగ్ తితి' అని, వేడి మొక్కజొన్న గింజల్ని రాళ్ళ మధ్య ఒక్కొక్కటే కొట్టి అటుకుల్లా చేస్తారు. వేయించిన గింజ చేతికి అంటుకునే వేడిలో ఉండగానే కొట్టాలి. నేను ప్రయత్నించి బొటనవేలు నలగ్గొట్టుకున్నాను. మునగాకు కూర దొరుకుతుంది, ఆ వైపు దాన్ని 'మరుంగ' అంటారు, వింటే మన మునగే. తాటికల్లు ఇస్తారు, పేరు 'తువాక్'. వద్దంటే చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని నవ్వితే చాలు. మీ అమ్మకి ఈ పేరా చదవకు.

ఇండోనేషియా భాష నీకు తేలిగ్గానే వస్తుంది. చాలా మాటలు మన సంస్కృతం నుంచి పోయినవే. బహాసా అంటే భాష, దెసా అంటే ఊరు, సువామి అంటే మొగుడు. ఇస్త్రి అంటే పెళ్ళాం. బస ఇచ్చిన ఆయన తన భార్యని నాకు "ఇస్త్రి" అని పరిచయం చేస్తే, చొక్కా ఇస్త్రీ చేసి పెడుతుందేమోనని నేను విప్పబోయాను. మీ అత్తయ్య ఆపింది. ఆ దేశానికి భాషా వ్యాకరణం రాసిన గోరిస్ కెరాఫ్ పుట్టింది ఆ ఊళ్ళోనే, 1936లో. ఆ పేరు ఎత్తితే పెద్దవాళ్ళు నీతో ఇంకో గంట మాట్లాడతారు.

మిగతావి గబగబా. మలేరియా ఉన్న ప్రాంతం, డాక్టర్ని అడిగి మాత్రలు పట్టుకెళ్ళు, దోమతెర మర్చిపోకు. లెవొలెబా పక్కనే లెవొతొలొక్ అగ్నిపర్వతం ఉంది, 2020 నవంబరులో పెద్దగా పేలింది. అవతల ఫ్లోరెస్ ద్వీపంలో లెవొతోబి అనే ఇంకో అగ్నిపర్వతం ఉంది, 2024లో దాని బూడిదకి విమానాలు ఆగాయి. అందుకే తిరుగు టికెట్టుకీ బాలీ నుంచి ఇంటికి వచ్చే టికెట్టుకీ మధ్య రెండు రోజులు వదులు. 30 రోజుల వీసా దిగగానే ఇస్తారు, కాబట్టి రోజులు లేవనకు.

వచ్చేటప్పుడు జగుంగ్ తితి ఒక పొట్లం తీసుకురా. పళ్ళు ఇంకా గట్టిగానే ఉన్నాయి.

మీ మామయ్య