ఆస్కార్ తొట్టిలో మొక్క నిలవాలంటే

చి. కిరణ్‌కి ఆశీస్సులు.

నీ ఆస్కార్ చేపల తొట్టిలో ఇసుకలో నాటిన అమెజాన్ స్వోర్డ్ మొక్క తెల్లారేసరికి పైకి తేలిందని రాశావు. తేలక ఏం చేస్తుందిరా? ఆస్కార్ నోటినిండా ఇసుక తీసి పక్కన ఉమ్ముతుంది, అడ్డొచ్చినదాన్ని పట్టి లాగుతుంది. దానికి ఆకు తినే యావ పెద్దగా లేదు. సిల్వర్ డాలర్, గోల్డ్‌ఫిష్ లాంటి చేపలైతే తినే రకం, వాటి సంగతి వేరు. నీది తవ్వుడు బెడద కాబట్టి ఇసుకలో నాటడం మానెయ్.

అనూబియాస్, జావా ఫెర్న్, ఈ రెండిటితో మొదలుపెట్టు. ఆకులు గట్టివి. రెండిటికీ అల్లం కొమ్ములాంటి అడ్డకాండం ఉంటుంది. దాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్ళి మొక్క చస్తుంది, అందుకే రాయికో కర్రకో కట్టాలి. అనూబియాస్‌లో నానా అనే పొట్టి రకం నీకొద్దు, పెద్దాకు బార్టెరీ అడుగు.

రాయి రెండు మూడు కిలోలకు తగ్గకూడదు. ఆస్కార్ అడుగు పొడవు పెరుగుతుంది, చిన్న రాళ్ళను ఇట్టే దొర్లిస్తుంది. గ్రానైట్ ముక్క మంచిది. మనవైపు ఎక్కడ చూసినా దొరికే నాపరాయి మాత్రం వద్దు. పల్నాడు నాపరాయి అంటే సున్నపురాయే. నీళ్ళలో మెల్లగా కరిగి వాటి కాఠిన్యం, అంటే సున్నపు గుణం, పెంచుతుంది, బోరు నీళ్ళకి అసలే ఆ గుణం ఎక్కువ. అనుమానమొస్తే బాత్రూమ్ యాసిడ్ ఒక్క చుక్క రాయి మీద వేసి చూడు, బుసబుసమని పొంగితే పక్కన పడెయ్. పొంగకపోతే బాగా కడిగి వాడుకో.

కట్టేముందు పాత వేర్లను అంగుళం ఉంచి కత్తిరించు. రాయినీ, కొమ్ము అడుగు భాగాన్నీ గుడ్డతో తుడిచి రెండు చుక్కలు ఫెవిక్విక్ వేసి అర నిమిషం అదిమి పట్టు. జెల్ రకమైతే కారదు. నీళ్ళలో పెట్టాక తెల్లగా కనిపిస్తుంది, ఎండిన జిగురుతో చేపకి హాని లేదు. దానిమీద నల్ల నైలాన్ దారం నాలుగైదు చుట్లు వెయ్యి, కొమ్ము కోసుకుపోయేంత బిగించకు. చిన్న చేపల తొట్టికి ఏదో ఒకటి చాలు, ఆస్కార్‌కి రెండూ కావాలి. నూలు దారం మాత్రం వేర్లు పట్టేలోపే కుళ్ళి తెగుతుంది. వేర్లు రాయిని పట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అందాకా దారం జోలికి పోకు.

రాయిని ఇసుకమీద పెట్టకు. ఇసుక పక్కకి నెట్టి, అడుగు అద్దం మీద పలుచని ప్లాస్టిక్ షీటు వేసి, దానిమీద ఆనించు. లేకపోతే చేప కింద తవ్వుతుంది, రాయి ఒరిగి అద్దం పగులుతుంది. ఈ పని రాత్రి, మేత వేసి లైటు తీసేశాక చెయ్. అదే సమయంలో మిగతా రాళ్ళూ అటూ ఇటూ మార్చు. కొత్తది ఒక్కటే కనిపిస్తే తెల్లారగానే ఆస్కార్లు దానిమీదే పడతాయి.

జావా ఫెర్న్ ముదురాకుల అడుగున వరుసగా నల్ల చుక్కలు వస్తాయి. అది తెగులు కాదు, విత్తనాల్లాంటి బీజాలు, ఆకు తుంచకు. కొమ్ము మెత్తబడి వాసనొస్తే మాత్రం గట్టిభాగం దాకా కోసెయ్. లైటు రోజుకి ఆరేడు గంటలు చాలు, ఎక్కువైతే ఆకులమీద పాచి పడుతుంది.

విజయవాడ మే నెల ఈ మొక్కలకు గండం. నీళ్ళు 30 డిగ్రీలు దాటితే జావా ఫెర్న్ గోధుమరంగుకి తిరుగుతుంది. నీటిమీదకి చిన్న ఫ్యాను తిప్పితే రెండు డిగ్రీల దాకా తగ్గుతుంది. మూత తీసేటట్టయితే జాలీ వెయ్యి, ఆస్కార్ ఎగిరి కింద పడుతుంది. వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ, ఎయిర్ పంపు ఆపకు.

తవ్వే చేపలకీ తినే చేపలకీ పనికొచ్చే మొక్క ఒకటుంది, ఇంట్లో మనీప్లాంట్. మూడు నాలుగు కణుపుల తీగ కోసి, మట్టి కడిగి, చిల్లుల ప్లాస్టిక్ బుట్టలో పెట్టి తొట్టి అంచుకి తగిలించు. వేర్లు నీళ్ళలో, ఆకులు బయట. ఆకు మునిగితే కుళ్ళుతుంది. చేపల పెంట వల్ల పేరుకునే నైట్రేట్‌ని ఇది బాగా లాగుతుంది. అలాగని నీళ్ళు మార్చడం మానకు. వారానికి మూడో వంతు మార్చాల్సిందే, కార్పొరేషన్ నీళ్ళయితే క్లోరిన్ విరిచే మందు వేశాకే.

బందరు కాలువలో గుర్రపుడెక్క ఊరికే దొరుకుతుంది కదా అని తేకు, నత్తలూ జలగలూ దాంతోపాటే వస్తాయి.

నీ ఆస్కార్లు జత కడితే గుడ్లు పెట్టడానికి రాయి శుభ్రం చేస్తూ చుట్టూ ఉన్న ఆకులన్నీ పీకేస్తాయి. మొక్కలకు దూరంగా, రెండో మూల ఒక బల్లపరుపు గ్రానైట్ ముక్క ఖాళీగా వదులు. చాలాసార్లు అదే ఎంచుకుంటాయి.

మీ పెదనాన్న