మాస్‌లో 487 వచ్చింది కదా, అర్జునోలిక్ యాసిడ్ అని రాసేయొచ్చా?

తెల్లమద్ది బెరడు మిథనాల్ సారం నుంచి తెల్లటి పొడి వచ్చిందని, టీఎల్‌సీలో (సిలికా పూసిన ప్లేటు మీద పదార్థాలను విడదీసే పరీక్ష) ఒకటే మచ్చ, నెగెటివ్ మోడ్ మాస్‌లో (అణువుల బరువు చూపే మాస్ స్పెక్ట్రం) 487 ఉందని, దాన్ని అర్జునోలిక్ యాసిడ్ అని ప్రాజెక్టు రిపోర్టులో రాసేయొచ్చా అని అడిగారు. ఇప్పుడే రాయొద్దు. వరంగల్‌లో ఎమ్మెస్సీ చేసేటప్పుడు నేనూ ఈ బెరడు మీదే పనిచేశాను, అందుకే చెప్తున్నా.

చిక్కంతా ఇక్కడుంది: అర్జునోలిక్ యాసిడ్, అర్జునిక్ యాసిడ్ రెండింటి ఫార్ములా ఒకటే, సి30హెచ్48ఓ5. అణుభారం 488, నెగెటివ్ మోడ్‌లో ఒక ప్రోటాన్ పోయి 487గా కనిపిస్తుంది. రెండూ ఈ బెరడులోనే ఉంటాయి. సరస్వతి ఆకులో దొరికే ఏసియాటిక్ యాసిడ్‌దీ అదే ఫార్ములా. అలాంటప్పుడు 487 ఒక్కదాన్ని పట్టుకుని పేరు పెట్టలేం.

అర్జునోలిక్‌లో ఒక హైడ్రాక్సిల్ 23వ కార్బన్ మీద ఉంటుంది, అర్జునిక్‌లో అదే 19వ కార్బన్ మీద. మిగతాదంతా ఒకటే. 23 మీదికి హైడ్రాక్సిల్ వస్తే అక్కడి మిథైల్ కాస్తా సీహెచ్2ఓహెచ్ అయిపోతుంది. కాబట్టి ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో (అణువులో హైడ్రోజన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే స్పెక్ట్రం) మిథైల్ సింగ్లెట్లు, అంటే చీలని ఒంటి గీతలు, లెక్కపెట్టండి. ఆరుంటే అర్జునోలిక్, ఏడుంటే అర్జునిక్. మిథైళ్లలో రెండు డబ్లెట్లుగా (జంట గీతలుగా) చీలి కనిపిస్తే ఏసియాటిక్ లాంటి అర్సేన్ రకం (వేరే కార్బన్ చట్రం ఉన్నది) అని అనుమానించాలి. మా గైడ్ స్పెక్ట్రం చేతికి రాగానే ఇంకేమీ చూడనివ్వకుండా ముందు స్కేలు పెట్టి ఇవే లెక్కపెట్టించేవారు. డెప్ట్ (సీహెచ్, సీహెచ్2, సీహెచ్3లను వేరు చేసి చూపే కార్బన్ ఎన్ఎంఆర్) కూడా తీయించండి, ఆక్సిజన్‌కు అంటుకున్న సీహెచ్2 ఉందో లేదో తేలిపోతుంది.

ఇక ఆ ఒకటే మచ్చ సంగతి. ప్లేటు యూవీ కింద మాత్రమే చూశారా? ఈ ట్రైటెర్పీన్లు (అర్జునోలిక్ లాంటి 30 కార్బన్ల పదార్థాలు) 254 నానోమీటర్ల యూవీ దగ్గర దాదాపు కనిపించవు. వెనిలిన్-సల్ఫ్యూరిక్ యాసిడ్ కొట్టి వేడి చేస్తే ఊదా రంగులో పైకి తేలతాయి. పైగా ఆమ్లాలు కదా, సిలికా మీద తోక సాగుతాయి, ఆ తోకలో రెండో మచ్చ దాక్కోవచ్చు. సాల్వెంట్‌లో చుక్క ఫార్మిక్ యాసిడ్ కలిపి, ఇంకో సాల్వెంట్ మిశ్రమంలోనూ ప్లేటు నడిపి చూడండి.

బెరడు నిండా టానిన్లే (వగరు పదార్థాలు) కాబట్టి సారాన్ని నేరుగా కాలమ్‌లో (సిలికా నింపిన గొట్టం) పోస్తే పైనే గోధుమరంగు జిగురులా పట్టుకుని కూర్చుంటుంది. ముందు నీళ్లలో కలిపి ఇథైల్ ఎసిటేట్‌తో తీస్తే ఈ ఆమ్లాలు అటు వచ్చేస్తాయి, టానిన్లు చాలా వరకు నీళ్లలోనే ఉండిపోతాయి. కానీ సెపరేటింగ్ ఫనెల్‌ని గట్టిగా ఊపారో, సాపోనిన్ల వల్ల నురగ లేచి పొరలు విడవవు. మెల్లగా తిప్పండి, కొంచెం ఉప్పు వేయండి. ఎండాకాలం మన దగ్గర ట్యాంకు నీళ్లు కాగిపోయి వస్తాయి, రోటావేపర్ (సాల్వెంట్‌ను ఆవిరి చేసి తీసేసే పరికరం) కండెన్సర్‌ను చల్లబరచడానికి అవి పనికిరావు. మేం బకెట్‌లో ఐస్ గడ్డలు వేసి చిన్న మోటారుతో ఆ నీళ్లనే తిప్పేవాళ్లం.

బెరడు ఎక్కడిదో మీరు రాయలేదు. మూలికల కొట్లో కొన్న పొడి అయితే అది ఏ మద్దో చెప్పలేం. తెల్లమద్ది బెరడు నునుపుగా, బూడిద తెలుపులో, పలుచటి పొరలుగా ఊడుతుంది. నల్లమద్దిది మొసలి తోలులా గళ్లుగళ్లుగా పగిలి ఉంటుంది. దసలి పట్టు పురుగు ఈ రెండింటి ఆకులూ తింటుంది కానీ మీ ప్రాజెక్టుకు అలా కుదరదు కదా. మేం ములుగు దారిలో పొలం గట్టు మీది చెట్టు బెరడు రైతుని అడిగి తెచ్చుకున్నాం, కొమ్మ, కాయతో సహా బాటనీ వాళ్లకిచ్చి హెర్బేరియం నంబరు (ఎండబెట్టి దాచిన ఆ నమూనాకు ఇచ్చే గుర్తింపు నంబరు) తీసుకున్నాం. అడవి చెట్టయితే ఫారెస్టు వాళ్ల అనుమతి ఉండాలి.

మిగిలిన సారం బీపీ ఉన్న మీ నాన్నగారికి ఇవ్వొచ్చా అన్నారు. అస్సలు వద్దు, అందులో మిథనాల్ మిగిలి ఉంటుంది. ఇంట్లో మద్ది బెరడు పాలలో కాచి తాగే అలవాటు ఉంటే, ఆ సంగతి ఆయనకు మందులు రాస్తున్న డాక్టరుకు చెప్పండి.