పాకెట్ మనీ ఎందుకు, ఇంటి ఖర్చుల్లో ఒకటి వాళ్ల చేతికివ్వండి

"పిల్లలకు డబ్బు విలువ తెలియాలంటే పాకెట్ మనీ ఏ వయసు నుంచి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి?" అని అడిగారు. నన్నడిగితే ఈ ప్రశ్నలోంచి పాకెట్ మనీ అన్న మాట తీసేయాలి. పిల్లల చేతికి ఇవ్వవలసింది సరదాలకు కొంత సొమ్ము కాదు, ఇంటి ఖర్చుల్లో ఏదో ఒకటి, లెక్కతో సహా పూర్తిగా. సరదాకిచ్చిన వంద రూపాయలు అయిపోతే పిల్లవాడికి పోయేదేమీ లేదు. మరో వంద అడుగుతాడు, మనం కాసేపు విసుక్కుని ఇస్తాం. కూరగాయలకిచ్చిన డబ్బు తక్కువైతే మాత్రం గురువారం నాటికి ఇంటిల్లిపాదీ ఏం తినాలన్నది వాడి సమస్య అవుతుంది.

మాది విశాఖపట్నం. 2023 జూలైలో టమాటా ధర మండిపోతున్న రోజుల్లోనే, అప్పుడే ఆరో తరగతిలో చేరిన మా అబ్బాయికి వారానికి సరిపడా కూరగాయలు తెచ్చే పని అప్పగించాను. ఇంట్లో ఐదుగురం, వారానికి ఆరు వందలు, అదీ నోట్లుగానే. తక్కువైతే మళ్లీ ఇచ్చేది లేదు, మిగిలితే వాడివే అని ముందే చెప్పాను. మొదటి ఆదివారం ఎంవీపీ కాలనీ రైతుబజారులో నేను కాస్త ఎడంగా నిలబడి చూస్తూ ఉన్నాను. బయట కిలో వంద దాటిన టమాటాను అప్పట్లో ప్రభుత్వం రైతుబజార్లలో యాభై రూపాయలకే అమ్మించింది; ఆ రోజు మనిషికి కిలో చొప్పున ఇస్తున్నారు, వరుస గేటు దాకా ఉంది. మా వాడు ఆ వరుసను చూసి, తర్వాత నిలబడవచ్చులే అనుకుని, తనకిష్టమైన కాలీఫ్లవర్, క్యాప్సికం, బేబీకార్న్ ముందు కొనేశాడు. ధరల బోర్డు వైపు కనీసం తలెత్తి చూడలేదు. సంచి సగం నిండాక వచ్చి వరుసలో నిలబడితే, వాడి ముందు ఇంకా పది మంది ఉండగానే సరుకు అయిపోయిందని చెప్పి బుట్టలు బోర్లించారు.

అప్పటికి వాడి దగ్గర మిగిలింది డెబ్బై రూపాయలు, ఉల్లిపాయలు ఇంకా కొననేలేదు. దుకాణానికి వీపు పెట్టి నిలబడి, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు నోట్లను ఒకసారి, తర్వాత చిల్లరను ఒకసారి లెక్కపెట్టుకోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఇంకో వంద ఇవ్వవా, మళ్లీ ఇచ్చేస్తాను" అన్నాడు. "ఎందులోంచి ఇస్తావు?" అన్నాను. జవాబు లేదు. మళ్లీ వెళ్లి కిలో ఉల్లిపాయలు కొన్నాడు. పక్కన దోసకాయలమ్మే ఆవిడ ఇదంతా గమనించినట్టుంది, "టమాటా లేకపోతేనేం బాబూ, ఈ రెండు కాయలూ పట్టుకెళ్లు, మీ అమ్మని పప్పులో వెయ్యమను" అని చవకగా ఇచ్చి, పైన ఓ రెమ్మ కరివేపాకు కూడా వేసింది. కొన్న ఆ కూరలు అయిపోయాక, ఆ వారం మా ఇంట్లో దోసకాయ పప్పు, చింతపండు చారు తప్ప మరో మాట లేదు. మరుసటి ఆదివారం వాడు సంచి పట్టుకుని నేరుగా టమాటా వరుసలోకి వెళ్లాడు, తర్వాతే బోర్డు ముందు నిలబడి ధరలు చదువుకున్నాడు.

ఇందులో కష్టమైన భాగం పిల్లవాడు కాదు, పెద్దవాళ్లు. ఆ మొదటి ఆదివారం సాయంత్రమే మా అత్తగారు వాడి చేతిలో వంద నోటు పెట్టి, "పసివాడికి ఈ లెక్కలేమిటమ్మా, నేనిచ్చానులే" అన్నారు. "మీరిస్తే వాడు నేర్చుకునేది ఒక్కటే అత్తయ్యా, అమ్మ కాదంటే నానమ్మ ఉందని" అన్నాను. ఆవిడ రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు కానీ నోటు మాత్రం వెనక్కి తీసుకున్నారు. పండక్కో పెళ్లికో వెళ్లినప్పుడు వాకిట్లో చెప్పులేసుకుంటున్న పిల్లల గుప్పిట్లో ఐదు వందల నోట్లు కుక్కే బంధువులందరికీ నేను ఈ మాటే చెప్పాలనుకుంటాను, చెప్పలేను. ప్రేమ చూపించవద్దని ఎవరూ అనరు, కానీ ఊరికే వచ్చిన ఐదు వందలు చేతిలో ఉన్నవాడికి ఆరు వందల్లో ఇల్లు నడపడంలోని కష్టం ఎలా తెలుస్తుంది?

అదే ఏడాది సెప్టెంబరుకు టమాటా ధర పాతాళానికి పడిపోయింది. మా వాడు ఒక రోజు సంచి నిండా తెచ్చి, డబ్బు మిగిలిందని పొంగిపోయాడు. ఆ రాత్రి టీవీలో కర్నూలు వైపు రైతులు పంటను రోడ్డు పక్కన పారబోస్తున్న దృశ్యాలు చూసి, జూలైలో అంత ధర పలికిన కాయను ఇప్పుడు ఎందుకు పారేస్తున్నారని వాళ్ల తాతయ్యను అడిగాడు. జూలై ధర చూసి నాటిన తోటలన్నీ ఒక్కసారే కాపుకొస్తే కొనేవాడు దొరకడనీ, టమాటా ఉల్లిపాయలా నిల్వ ఉండదనీ, కోత కూలి, రవాణా కూడా గిట్టనప్పుడు రైతు చేయగలిగింది అదేననీ మా మామగారు వివరంగా చెప్పారు. ఏ పాఠ్యపుస్తకంలోనూ ధర గురించి ఇంత స్పష్టంగా చెప్పిన పాఠం నేను చూడలేదు.

నోట్లుగానే ఎందుకివ్వాలని చాలామంది అడుగుతారు. ఈ కాలపు పిల్లలకు డబ్బు అంటే అమ్మ ఫోన్ చూపించగానే దుకాణంలోని పెట్టె "రూపాయలు అందాయి" అని పలకడమే. ఎంత పోయిందో, ఎంత మిగిలిందో వాళ్ల కంటికి కనపడదు, చాలాసార్లు మన కంటికీ కనపడదు. చిల్లరకు బదులు చాక్లెట్ చేతిలో పెట్టే దుకాణదారుడితో "నాకు చాక్లెట్ వద్దండీ, రెండు రూపాయలే ఇవ్వండి" అని అనగలగడం కూడా డబ్బు నేర్చుకోవడంలో భాగమే. ఫోన్‌తో చెల్లించడం వాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు, అది ఎలాగూ వచ్చేస్తుంది.

నా అభిప్రాయానికి మూలం మా అమ్మ. నా పుట్టిల్లు నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం, 1993 అక్టోబరులో సారా నిషేధం తర్వాత మా జిల్లాలో ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు వెలిశాయి. మా అమ్మ సంఘంలో చాలామందికి చదువు రాదు కాబట్టి లెక్కల పుస్తకం బడికెళ్లే నా చేత రాయించేవారు. ఎవరు ఎంత కట్టారు, ఎవరు అప్పు తీసుకున్నారు, నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున ఈ నెల ఎంత రావాలి అన్నవన్నీ నా చేతిరాతలో ఉండేవి. వడ్డీ లెక్కలు బళ్లో చెప్పకముందే నాకు వచ్చాయంటే కారణం తెలివితేటలు కావు, తప్పు రాస్తే పక్కింటి పెద్దమ్మకు ఇరవై రూపాయలు ఎక్కువ పడుతుందన్న భయం.

అందుకే మా అబ్బాయికి శాతాల్లో కాకుండా రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అన్న మన లెక్కలోనే చెబుతాను. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి పన్నెండు శాతం, రెండు రూపాయలంటే ఇరవై నాలుగు. బాకీ మిగిల్చిన క్రెడిట్ కార్డు మీద చాలాచోట్ల నెలకు మూడున్నర శాతం దాకా వేస్తారు, అంటే మూడున్నర రూపాయల వడ్డీ. ఆ వడ్డీకి ఊళ్లో అప్పు చేశామంటే ఇంట్లో వాళ్లు తల పట్టుకుంటారు, కార్డు మీద చేస్తే ఎవరికీ తెలియను కూడా తెలియదు.

ఖాతా తెరవండని సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు, తెరవండి, మంచిదే. 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు పదేళ్లు నిండిన పిల్లలు పొదుపు ఖాతాను స్వయంగా తెరిచి నడుపుకోవచ్చని బ్యాంకులకు చెప్పింది. పరిమితులు ఆయా బ్యాంకులే పెట్టుకుంటాయి, ఖాతాలో ఉన్నదానికి మించి తీసే వీలు మాత్రం ఉండదు. పదేళ్లలోపు ఆడపిల్లకు ఏడాదికి 250 రూపాయలతోనైనా సుకన్య సమృద్ధి ఖాతా నడపవచ్చు. కానీ చాలా ఇళ్లలో ఇవి తల్లిదండ్రుల పొదుపులే. బీరువాలో ఉన్న పాస్‌బుక్కు పిల్లకు ఏమీ నేర్పదు.

పనికి కూలి ఇచ్చే పద్ధతి మాత్రం నాకు అస్సలు నచ్చదు. మంచం సర్దితే పది, గిన్నెలు కడిగితే ఇరవై అని మొదలుపెడితే, వాడికి డబ్బు అవసరం లేని రోజున గిన్నెలు అలాగే ఉంటాయి. అంతకంటే చెడ్డది "మన దగ్గర డబ్బుల్లేవు" అన్న అబద్ధం. సైకిల్ అడిగితే డబ్బుల్లేవని చెప్పి, రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌లో బిర్యానీ తెప్పించుకుంటే ఆ పిల్లవాడు మనల్ని ఎందుకు నమ్మాలి? "ఉన్నాయి, కానీ అవి స్కూలు ఫీజుకు పక్కన పెట్టాం" అని చెబితే వాడికి అర్థమవుతుంది. ఇక ఆ స్కూళ్లు, రేపు ఫంక్షన్ అనగా ఈ రోజు సాయంత్రం మెసేజ్ పెట్టి ప్రత్యేకమైన రంగు డ్రెస్సు కొనమంటే ఏ ఇంటి బడ్జెట్ నిలుస్తుంది? ఆ సంగతి మరోసారి మాట్లాడుకుందాం.

మీరడిగిన వయసు విషయానికొస్తే, కూడికలు తీసివేతలు తడుముకోకుండా వచ్చిన పిల్లకు ఎనిమిదేళ్లకే పాలు, పెరుగు లెక్క ఇవ్వవచ్చు, పదకొండేళ్లకు కూరగాయలు. ఎనిమిదో తరగతిలో మా వాడికి కరెంటు బిల్లు ఇచ్చాను. 126 నుంచి 225 యూనిట్ల వరకు యూనిట్‌కు ఆరు రూపాయలున్న ధర ఆ పైన 8.75 అవుతుందని బిల్లులో వాడే కనిపెట్టి, రాత్రి ఒంటిగంట దాటాక ఏసీ ఆపేసి ఫ్యాన్ వేసుకోవాలని ఇంట్లో నియమం పెట్టాడు. మా ఆయన ఆ నియమాన్ని ఇంకా ఒప్పుకోలేదు. బిల్లులో అడుగున ఉండే సర్దుబాటు ఛార్జీ ఏమిటని మాత్రం వాడు ప్రతి నెలా అడుగుతాడు, గతంలో వాడేసిన కరెంటుకు కొనుగోలు ఖర్చు ఎక్కువైందని ఇప్పుడు వసూలు చేస్తున్నారురా అంటే, "మరి కూరగాయలావిడ పోయిన నెల టమాటాలకు ఇప్పుడు డబ్బులడిగితే ఇస్తామా?" అంటాడు.