బతికిన ఏళ్ల గురించి రాయమ్మా

శ్రీకాకుళం

అమ్మా,

మీ స్కూల్లో నీతో పాటు పనిచేసి పోయిన లెక్కల మాస్టారి మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. సంస్మరణ సంచికకు ఇవ్వడానికి ఇంకా టైముంది అన్నావు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నాలుగు పేజీల్లో మూడు పేజీలు అతను బతికుంటే ఏమయ్యేవాడో రాశావు. హెడ్మాస్టరయ్యేవాడు, పాఠ్యపుస్తకాలు రాసేవాడు, ఉద్దానం పిల్లల్ని ఐఐటీల దాకా పంపేవాడు, కూతుర్ని డాక్టరు చేసేవాడు. 36 ఏళ్లకే పోయినవాడి గురించి రాయబోతే ఎవరికైనా ముందు తోచేది ఇదే. ఆ చావు అన్యాయమనిపిస్తుంది, ఆ అన్యాయం ఎంతో చూపించాలనిపిస్తుంది. కానీ రాని రోజుల గురించి నీకేం తెలుసు, నాకేం తెలుసు? అదంతా కల్పన. ఎంత బాగున్నా అందులో ఉన్నది మీ మాస్టారు కాదు. అతని పేరు కొట్టేసి జలుమూరులోనో గజపతినగరంలోనో పోయిన ఇంకో టీచరు పేరు పెట్టి చూడు. ఒక్క వాక్యం కూడా మార్చక్కర్లేదు.

ఘంటసాల 1974లో పోయారు, 51 ఏళ్లకే. విజయనగరంలో ఆయన ప్రస్తావన వస్తే, ఇంకో ఇరవయ్యేళ్లుంటే ఎన్ని పాటలు పాడేవారో అని మొదలుపెట్టినవాళ్లు నాకు తగల్లేదు. సంగీత కళాశాల రోజుల్లో జోలె పట్టుకుని ఇంటింటికీ మధూకరానికి వెళ్లిన సంగతి చెబుతారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి పాఠం చెప్పిన సంగతి చెబుతారు. ఆ కుర్రాడు ఏ వీధిలో నడిచాడో చూపించాలని వాళ్ల తాపత్రయం. నీకూ ఆ తాపత్రయమే ఉండాలి.

నీ వ్యాసం కన్నా మొన్న ఫోనులో నువ్వు చెప్పినవే నాకు బాగా గుర్తున్నాయి. డయాలసిస్ మొదలయ్యాక స్కూలుకి తెచ్చుకునే నీళ్ల సీసా మీద అతను మార్కర్‌తో గీతలు గీసుకున్నాడన్నావు. కిడ్నీలు పనిచెయ్యకపోతే తాగిన నీరు బయటికి పోదు, ఒంట్లోనే ఉండిపోతుంది. అందుకే రోజుకి ఇంతే అని డాక్టర్లు కొలత పెడతారు. ఆ సీసానే బల్ల మీద పెట్టి ఎనిమిదో తరగతికి ఘనపరిమాణం చెప్పాడట. లీటరు నీరు నిలిస్తే కిలో బరువు పెరుగుతుంది కదా, సోమవారం డయాలసిస్ అయ్యాక నా బరువు ఇంత, బుధవారం పొద్దున్న ఇంత, మరి ఎంత నీరు దాచుకున్నాన్రా అని లెక్క ఇచ్చాడట. తప్పు చేసినవాణ్ణి, "ఏటైపోనాదిరా, ఎనక్కెళ్లి సూడు" అన్నాడట. తన ఎదుట నీళ్లు తాగడానికి పిల్లలు జంకుతుంటే కేకలేసి మరీ తాగించాడట.

ఇదంతా వ్యాసంలో ఏదమ్మా? "అనారోగ్యాన్ని సైతం లెక్కచేయక విధులు నిర్వర్తించారు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. లెక్కచేయకపోవడం ఏమిటి, మిల్లీలీటర్లతో సహా లెక్కచేశాడు!

తెలియనివి కనుక్కో. డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా, అంటే ధమనినీ సిరనీ కలిపే ఆపరేషన్, చేయించుకున్నవాళ్లు ఆ చేత్తో బరువు మొయ్యకూడదు, బీపీ కూడా ఆ చేతికి చూడనివ్వరు. మరి జవాబు పత్రాల కట్టలు ఎవరు మోసేవారు? ప్రార్థనలో పిల్లల్ని వరసలో నిలబెట్టేటప్పుడు ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకునేవాడు? ఆ చోట వేలు ఆనిస్తే లోపల గుర్రుమంటూ రక్తం పరుగు తెలుస్తుంది. ఏ గుంటడో అడిగి పట్టుకుని చూసే ఉంటాడు, కనుక్కుంటే దొరుకుతాడు. స్టాఫ్‌రూంలో పక్క కుర్చీ నీదేనన్నావు, ఇలాంటివి నువ్వు రాయకపోతే ఇంకెవరూ రాయరు.

అలాగని వ్యాసమంతా జబ్బుతో నింపకు. ఉద్దానం పేరెత్తగానే జనం కిడ్నీల దగ్గరికి వెళ్లిపోతున్నారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లకి ఎంతోమంది వచ్చి నీళ్లూ రక్తమూ నమూనాలు పట్టుకెళ్లారు. అక్కడ ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో, ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, హిరమండలం నుంచి తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. సందర్భం తెలియడానికి ఇవి రెండు వాక్యాల్లో చెబితే చాలు. సిలికా వల్లా, పురుగుమందుల వల్లా అన్న చర్చకి ఇంకో వ్యాసం రాసుకో, నేను చదువుతాను. కెమెరాలతో వచ్చి వెళ్లేవాళ్లకి అతనొక కిడ్నీ రోగి. నీకు కాదు కదా.

జబ్బు రాకముందు మనిషి ఎలా ఉండేవాడు? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు అతనికి ముప్ఫై ఏళ్లుంటాయేమో. పడిపోయిన కొబ్బరిచెట్లు లెక్కపెట్టి ఊళ్లోవాళ్లకి అర్జీలు రాసిపెట్టాడని ఒక్క వాక్యం రాశావు. నాకు ఆ వాక్యం దగ్గరే ఆగాలనిపించింది. కరెంటు లేని రోజులు కదా, ఏ వెలుతురులో రాశాడు? ఎవరి అరుగు మీద? తాత నాటిన తోట మొత్తం పడిపోయిన మనిషి ఎదురుగా కూర్చుంటే, ఎన్ని చెట్లు అని ఎలా అడిగాడు? ఆ ఊరు వెళ్లి అడిగిరా. అర్జీ నకలు ఎవరి ట్రంకుపెట్టెలోనో ఉంటే అందులో అతని చేతిరాత కూడా ఉంటుంది.

ఇంకోటి. అతన్ని అజాతశత్రువన్నావు. టైంటేబుల్ గొడవలో కొన్నాళ్లు మీ ఇద్దరికీ మాటల్లేవని చెప్పింది నువ్వే! పొద్దుటి పీరియడ్లన్నీ తనే పెట్టేసుకున్నాడని నీ కోపం. మధ్యాహ్నానికి ఒంట్లో సత్తువ ఉండదని అప్పటికి అతను ఎవరికీ చెప్పలేదు. అది రాయి. జరిగింది జరిగినట్టు రాసి ఊరుకో. వ్యాసంలో క్షమాపణలు అడగకు, అలా అడిగితే వ్యాసం నీ గురించి అయిపోతుంది.

అతని మాటని "వెనక్కి వెళ్లి చూడు" అని దిద్దకు. పత్రికవాళ్లు దిద్దితే ఫోను చేసి మళ్లీ పెట్టించు. కొండల్లో తిరిగి సవర గిరిజనుల మాటని వాళ్ల నోటినుంచే విని రాసుకున్న గిడుగు రామమూర్తిగారు పుట్టింది మన దగ్గరే, పర్వతాలపేటలో. మనకి ఆ మాత్రం పట్టుదల లేకపోతే ఎలా?

అచ్చుకిచ్చే ముందు అతని భార్యకి చదివి వినిపించు. కిడ్నీల పరీక్షలో వచ్చిన క్రియాటినిన్ అంకెలు, అప్పుల సంగతి, చివరి వారం ఆసుపత్రిలో జరిగింది, ఇవన్నీ ఆ ఇంటివాళ్లవి. ఆమె వద్దన్నది తీసెయ్యాలి. పేర్లు మార్చి దూర్చడం కూడా వద్దు. వాళ్లమ్మగారు ఏడుస్తారని వెళ్లడం మానకు. పెద్దకర్మ అయిపోయాక ఆ ఇంటికి వచ్చేవాళ్లు తగ్గిపోతారు. కొడుకు గురించి చెప్పుకోవడానికి ఆవిడకి ఒక మనిషి కావాలి. నువ్వు నోటుపుస్తకం తియ్యకుండా విను, బస్సెక్కాక రాసుకో.

అతను రెండు మూడు కథలు రాశాడనీ, పత్రిక పేరు గుర్తులేదనీ అన్నావు. ఇక్కడ కథానిలయం ఉంది కదా! కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో దాన్ని మొదలుపెట్టింది తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని. పేరున్నవాడి కథా, ఒక్కటే రాసి ఆగిపోయినవాడి కథా అని ఆయన తేడా చూడలేదు. పాత సంచికలు తిరగేద్దాం. దొరికితే కథ పేరు, పత్రిక, నెల, సంవత్సరం వ్యాసంలో వెయ్యి. బతికుంటే గొప్ప కథకుడయ్యేవాడని నువ్వు రాస్తే అయ్యో అని ఊరుకుంటారు. ఇది వేస్తే ఎవరో ఒకరు వెతికి చదువుతారు.

బయల్దేరే ముందు ఫోను చెయ్యి, బస్సు కాంప్లెక్స్ దగ్గరికి నేనే వస్తాను. సీసా సంగతి, అర్జీల సంగతి ఎంత వస్తే అంత రాసి పట్టుకురా, నిడివి తర్వాత చూసుకుందాం. ఆ మొదటి మూడు పేజీలు తేవక్కర్లేదు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు